వడ్లమిల్లు పక్క మేడ

పట్నాయక్ మాస్టారిని ఏదైనా అడగాలంటే శిష్యులు కాస్త జంకేవారు. ప్రశ్న అడిగినవాళ్లకు జవాబు చెప్పకుండా పని చెప్పడం ఆయన అలవాటు. పార్వతీపురంలో కాలేజీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి ఆయన రిటైరయ్యారు గానీ, ఆ అలవాటు మాత్రం రిటైరవలేదు. సందేహం అడగబోయి ప్రహరీ గోడకు సున్నం వేసి వచ్చినవాళ్లు ఆ ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు. సందేహం తీరిందా అంటే తీరిందనే అంటారు. ఎలా తీరిందో మాత్రం చెప్పలేరు.

ఆ సంగతి తెలిసి కూడా ఈశ్వరి ఒక ఆదివారం పొద్దున్నే ఆయన ఇంటికి వచ్చింది. ఎమ్మెస్సీ అయింది, పీహెచ్‌డీలో చేరాలని ఆశ. దరఖాస్తులో గైడు పేరు రాయాలి, అంటే ఎవరో ఒక ప్రొఫెసరు ముందే సరేననాలి. గడువు నెలాఖరు. ఈ ఏడాది సీటు రాకపోతే ఊళ్లోనే ఏదో ఒక స్కూల్లో టీచరుగా చేరిపోతానని ఇంట్లో మాట ఇచ్చేసింది. కనబడ్డ ప్రొఫెసరుకల్లా మెయిలు పెట్టింది. ఒక్కరూ పలకలేదు.

"ముక్కూ మొహం తెలియనివాళ్లకు ముందుగా రాయడమే తప్పేమో మాస్టారూ! అడుక్కున్నట్టు ఉంటుందేమో" అంటుంటే ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి.

"ఏం రాశావమ్మా?"

"మీ పరిశోధనలు నాకెంతో స్ఫూర్తినిచ్చాయి, మీరు ఏ అంశం ఇచ్చినా చేస్తానని రాశాను. అందరికీ అదే."

మాస్టారు లేచారు. గోడకున్న తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టారు. "మేడమీద గదికి టులెట్ బోర్డు కట్టాను. నాకు బజార్లో పనుంది. ఎవరైనా వస్తే నువ్వే మాట్లాడి, నచ్చినవాళ్లకు ఇచ్చెయ్. మా అక్కయ్యకు పార్శ్వపు తలనొప్పి, లోపల పడుకుంది, చప్పుడు కానీయకు" అని సంచీ పట్టుకుని వెళ్లిపోయారు. ఈశ్వరికి ఒళ్లు మండింది. తన బతుకు ఎటూ తేలక ఏడుస్తుంటే ఈయనకు అద్దెవాళ్లు కావలసి వచ్చారా అనుకుంది. అయినా వెళ్లి అరుగు మీద కూర్చుంది.

కాసేపటికి స్కూటరు మీద ఒకాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మర్యాద తెలిసిన మనిషి. బండి దిగకుండానే, "ఇల్లు చాలా బాగుందండీ. ఇలాంటి ఇంటి కోసమే తిరుగుతున్నాం. గది ఎలా ఉన్నా సర్దుకుంటాం" అన్నాడు. పైకి వెళ్లి చూడమంటే, "చూసేదేముందండీ, మీరెలా అంటే అలాగే" అన్నాడు. మాస్టారిని అడిగి చెబుతానంది ఈశ్వరి. ఆయన నవ్వుతూ తలూపి, బండిని ఎదుటి వరసలోకి పోనిచ్చాడు. అక్కడా ఒక బోర్డు ఉంది. "ఇల్లు చాలా బాగుందండీ. ఇలాంటి ఇంటి కోసమే తిరుగుతున్నాం" అని ఆయన గొంతు స్పష్టంగా వినబడింది. ఈశ్వరికి నవ్వొచ్చింది. అంతలోనే చెవులు వేడెక్కాయి. ఆ మాటలు ఆమెకు బాగా తెలిసినవే.

ఎండెక్కాక మరొకాయన నడిచి వచ్చాడు. మెట్లెక్కి గదంతా చూసి, కిటికీ తలుపులు వేసి తీసి, కిందికి దిగాడు.

"నా పేరు అప్పలనర్సయ్యమ్మా. సన్నాయి వాయిస్తాను. తెల్లారగట్ల సాధన చెయ్యకపోతే నాకు కుదరదు. మొదలెడితే వీధంతా వినిపిస్తాది. పోయిన ఇంట్లో ఈ సంగతి చెప్పకుండా దిగిపోయాను, నెల తిరక్కుండా పొమ్మన్నారు. ఆళ్ల తప్పేటీ లేదు. అందుకే ముందే అడుగుతున్నాను. మాస్టారు పొద్దున్నపూట రాసుకుంటారని పక్కింటోళ్లు చెప్పారు. ఇంట్లో ఒంట్లో బాగోనోళ్లెవరైనా ఉన్నారా?"

ఈశ్వరి అక్కగారి తలనొప్పి సంగతి చెప్పింది. చెప్పడానికి మనసొప్పలేదు, అయినా చెప్పింది.

"అయితే ఇక్కడ కుదరదమ్మా. మొహమాటపడకుండా చెప్పేరు, అదే పదివేలు. సల్లగుండండి" అని దణ్ణం పెట్టి చెప్పులు తొడుక్కున్నాడు.

గేటు దాటబోతున్న మనిషిని ఈశ్వరే వెనక్కి పిలిచింది. ఆయనకేం కావాలో తెలిశాక ఊరుకోలేకపోయింది, అంతే. తన పిన్నిగారి మేడ ఖాళీగా ఉంది. పక్కనే వడ్లమిల్లు. తెల్లవారకముందే మొదలయ్యే ఆ మోతకు జడిసి ఎవరూ అద్దెకు దిగరు. ఆయనకు మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టి, పిన్నికి ఫోన్ చేసింది. పిన్ని సరేనంది. మిల్లు చప్పుడు ఇబ్బందేమోనని ఈశ్వరి అడిగితే అప్పలనర్సయ్య పకపకా నవ్వాడు. "పెళ్లిళ్లలో వాయించేవోణ్ణి, నాకు చప్పుడేటమ్మా!"

మాస్టారు తిరిగొచ్చేసరికి తాళంచెవి మళ్లీ గోడకే ఉంది.

"గది ఎవరికిచ్చావు?"

"ఎవరికీ ఇవ్వలేదు మాస్టారూ."

"వచ్చినవాళ్లెవరు?"

మొదటాయన పేరేమిటో ఈశ్వరికి తెలియదు. రెండో ఆయన పేరు, సాధన, ఖాళీ చేసిన ఇల్లు, పిన్నిగారి మిల్లు, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. మాస్టారు అంతా విన్నారు. "గది ఇవ్వని మనిషి కోసం ఇంత హైరానా పడ్డావన్నమాట" అని, కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లిపోయారు.

ఈశ్వరి ఈసారి ఒక్క ప్రొఫెసరుకే రాసింది. ముందు ఆయన వ్యాసాలు కూర్చుని చదివింది. తనకు కప్పలంటే ప్రాణమని, వానల్లో కొండలు తిరిగి వాటి అరుపులు రికార్డు చేస్తుంటానని, వెదురు బొంగులోంచి అరిచే కప్ప ఒకటి ఏ జాతిదో అంతుపట్టడం లేదని రాసింది. వానాకాలంలో ల్యాబులో కూర్చోలేనని, అది కుదరకపోతే మొహమాటం లేకుండా చెప్పమని కూడా రాసింది. ఎవరికీ చెప్పుకోని ఇష్టం అది.

ఆ వారంలోనే జవాబొచ్చింది. తన దగ్గర ఖాళీ లేదని, ఉన్న పనంతా ల్యాబులోనేనని ఆ ప్రొఫెసరు రాశారు. అయితే వెదురు బొంగు కప్ప సంగతి చదివి ఉండబట్టలేక, ఇప్పుడు తనూ ప్రొఫెసరై, ఏటా వానాకాలమంతా అడవిలోనే గడిపే తన పాత శిష్యురాలికి ఆ మెయిలు పంపారట. ఆ సాయంత్రమే ఆమె ఫోన్ చేసి, కప్ప అరుపు వినిపించమంది. విని, మళ్లీ వినిపించమంది. దరఖాస్తులో గైడుగా తన పేరు రాసుకోమంది.

ఈశ్వరి మిఠాయి పొట్లంతో పరుగున వచ్చి మాస్టారి కాళ్లకు దణ్ణం పెట్టింది. "గది దొరకలేదు మాస్టారూ, మిల్లు దొరికింది" అని ఏడుస్తూనే నవ్వింది.

"నాకెందుకమ్మా దణ్ణాలు? గది లేదన్నాయనకు చెప్పావా?"

"మొదట ఆ ప్రొఫెసరుగారికే రాశాను. అప్పలనర్సయ్యగారికి కూడా మిఠాయి ఇచ్చే వచ్చాను."

మాస్టారు కళ్లజోడు తీసి, పంచె కొంగుతో నెమ్మదిగా తుడుచుకున్నారు. బయట టులెట్ బోర్డు ఇంకా వేలాడుతూనే ఉంది.

"ఇంకేం మరి," అన్నారు, "గట్టిగా వాయించుకో."