తాబేలు వేడుకకు ఈర్ష్యపడిన ఇగ్వానా

వెచ్చని నీలి సముద్రం ఒడ్డున ఒక దట్టమైన అడవి ఉంది. అందులో కేకల కోతులు, పొడుగు ముక్కు కోవాటీలు, ఒడ్డు రాళ్ల మీద గూడబాతులు ఉండేవి. కోవాటీ మన దేశంలో కనిపించదు. పిల్లికి పంది ముక్కు అతికించి, తోకను నిటారుగా నిలబెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి, అదే కోవాటీ.

అడవికీ సముద్రానికీ మధ్య ఒక పాడుబడ్డ రాతి నగరం ఉంది. మాయా అనే పాతకాలపు జాతి వారు ఎంతో కాలం కిందట కట్టుకున్నది. రాజులు పోయారు, పూజలు పోయాయి, మెట్లు మాత్రం మిగిలాయి. ఆ రాళ్లు పగలంతా ఎండను పీల్చుకుని, పొద్దుగూకినా పొయ్యిగట్టులా వెచ్చగా ఉంటాయి. రాళ్ల సంగతి మొదలుపెడితే ఇక కథ కదలదు, వదిలేద్దాం.

ఆ నగరంలో అన్నిటికన్నా ఎత్తైన బురుజు మీద ఒక ఇగ్వానా ఉండేది. చూడటానికి మన ఉడుములాగే ఉంటుంది గాని, వీపు పొడుగునా దువ్వెన పళ్లలాంటి ముళ్లుంటాయి. ఏటా అది బురుజు కింది ముంగిట్లో గుంట తవ్వి గుడ్లు పెట్టేది. మట్టి వెచ్చగా ఉండేది. పిల్లలు క్షేమంగా బయటికి వచ్చి రాళ్ల సందుల్లోకి దూరేవి. చూడటానికి ఎవరూ వచ్చేవారు కాదు.

అదే కాలంలో సముద్రపు తాబేలు ఒడ్డుకు వచ్చి ఇసుకలో గుడ్లు పెట్టేది. అప్పుడు దాని కళ్ల వెంట నీళ్లు కారేవి. అది ఏడుపు కాదు పిల్లలూ! ఒంట్లో చేరిన సముద్రపు ఉప్పును తాబేలు అలా బయటికి పంపేస్తుంది.

ఆ గుడ్లు పగిలే రోజున అడవి అంతా తీరానికి కదిలేది. కోతులు కేకలు పెట్టేవి. గుడ్లంటే నోరూరే కోవాటీలు కూడా ఆ రోజు తోకలెత్తి రెండు వరుసలుగా నిలబడేవి. అది ఆ అడవి కట్టుబాటు. ఆ వరుసల మధ్య నుంచి తాబేలు పిల్లలు బుడిబుడి నడకలతో నీళ్లలోకి వెళ్లేవి.

బురుజు మీద నుంచి ఇగ్వానా అంతా చూసేది. దాని కడుపు రగిలిపోయేది.

"ఏడాదికోసారి వచ్చే దాని పిల్లలకు ఇంత ఊరేగింపా! ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగే నా పిల్లలను ఒక్కరైనా తొంగి చూశారా?" అనుకునేది. ఎంతో ఇష్టమైన పూలు కూడా దాని నోటికి చేదుగా తగిలేవి.

మరుసటి ఏడు తాబేలు ఒడ్డుకు చేరేసరికి, ఇగ్వానా నీళ్ల పక్కనే గుంట తవ్వుతోంది. అందరి కళ్లూ తన మీదే పడాలని ఆ చోటు ఎంచుకుంది.

"ఇదేంటి వదినా, ఇక్కడ తవ్వుతున్నావు?" అంది తాబేలు.

"ఏం, ఈ ఇసుక నీ ఒక్కదాని సొత్తా?"

"కాదు వదినా. కానీ పౌర్ణమికి పోటు ఇక్కడి దాకా వస్తుంది. నేను కూడా పైకి, ఆ తీగల దగ్గరికి పాకి గుడ్లు పెడతాను. నీకు వెచ్చని ముంగిలి ఉందిగా, అక్కడికి వెళ్లు."

"నా వేడుక ముందు నీది వెలవెలబోతుందని భయమా?"

తాబేలు పైకి పాకి, గుడ్లు పెట్టి, సముద్రంలోకి వెళ్లిపోయింది.

అటుగా వచ్చిన ముసలి కోవాటీ కూడా, "అక్కా, చోటు మార్చు" అంది.

"నువ్వూ దాని పక్షమే! నా పిల్లలు వచ్చే రోజు మాత్రం వరుస వంకర లేకుండా నిలబడండి" అంది ఇగ్వానా, పెట్టిన గుడ్ల మీద ఇసుక కప్పుతూ.

పౌర్ణమి వచ్చింది. సాయంత్రానికే అలలు పెరిగాయి. ఒక అల గుంట అంచును తాకింది. ఇగ్వానా బురుజు దిగి పరుగెత్తింది. గుడ్లను బయటికి తీయాలని తవ్విన కొద్దీ తడి ఇసుక జారి పడుతోంది.

"రండి! ఎవరైనా రండి!" అని అరిచింది.

అడవి అంతా వచ్చింది. కోవాటీలు ముక్కులతో, గోళ్లతో తవ్వాయి. అంతలో పెద్ద అల వచ్చి, గుంటనూ గుడ్లనూ కలిపి లాక్కుపోయింది.

అందరూ ఇగ్వానా చుట్టూ నిలబడ్డారు. అది తలెత్తి ఒక్కరినీ చూడలేదు.

"తాబేలుకు చేసే వేడుక నాకూ కావాలనుకున్నాను" అంది ఇగ్వానా.

"వేడుకా?" ముసలి కోవాటీ నివ్వెరపోయింది. "పైన డేగలు, కింద పీతలు. మేం అడ్డు నిలబడకపోతే ఆ పిల్లల్లో ఒక్కటీ నీళ్లు చూడదక్కా! మేం వచ్చేది కాపలాకి. నీ పిల్లలకు ఆ గండం లేదు గనకే నీ ముంగిటికి రాలేదు."

కొన్నాళ్లకు తీగల దగ్గర ఇసుక కదిలింది. డేగలు దిగసాగాయి. కోవాటీల వరుస చివర ఇగ్వానా వచ్చి నిలబడింది. దాని కడుపులో మంట ఇంకా పూర్తిగా ఆరలేదు. అయినా ముళ్లు నిక్కించి, తోకతో డేగను కొట్టింది. ఇగ్వానా కాళ్ల పక్క నుంచే తాబేలు పిల్లలు ఒక్కొక్కటే నీళ్లలోకి వెళ్లిపోయాయి.

నీతి: ఇతరుల చుట్టూ ఉన్న సందడిని చూసి ఈర్ష్యపడేవారికి దాని వెనక ఉన్న ఆపద కనిపించదు, ఆ ఈర్ష్యలో తమకున్న క్షేమాన్ని కూడా పోగొట్టుకుంటారు.