బొంతయ్య పులుసు గుట్టు

కొండగోగుల అడవిలో ఎలుగుబంట్లు, దుప్పులు, కుందేళ్లు, అడవిపందులు కలిసిమెలిసి ఉండేవి. అక్కడ బొంతయ్య అనే ఎలుగుబంటి పూటకూళ్ల పాక నడిపేవాడు. అతని గుమ్మడికాయ పులుసు తిన్నవాళ్లు ఆకు నాకి మరీ లేచేవారు.

"ఇందులో ఏం వేశావు బావా?" అని అడిగితే చాలు, బొంతయ్య ఛాతీ విరుచుకునేవాడు. "తిని కనుక్కోండి!" అనేవాడు. ఇన్నేళ్లలో ఒక్కరికీ చెప్పలేదు మహానుభావుడు.

ఒక మధ్యాహ్నం చిత్రాంగి అనే దుప్పి వచ్చింది.

"అన్నా, నాకు నువ్వులు పడవు. కాస్త తిన్నా గొంతు వాచిపోతుంది. పులుసులో ఉన్నాయా?"

బొంతయ్యకు చిర్రెత్తుకొచ్చింది. పక్క ఆకు ముందే వరాలు అనే అడవిపంది కూర్చుని ఉంది. ఆమెకూ వాగు అవతల ఒక పాక ఉంది. ఆమె ముందు గుట్టు విప్పుతాడా? చిటికెడు పొడికి ఏమవుతుందిలే అనుకున్నాడు.

"నీ కంటికి నువ్వులు కనిపిస్తున్నాయా? తిను తల్లీ!"

చిత్రాంగి నమ్మింది. రెండు ముద్దలు తిన్నదో లేదో, పెదవులు ఉబ్బాయి. కళ్లు మూసుకుపోయాయి. ఊపిరాడక దబ్బున పడిపోయింది.

బొంతయ్య గరిటె పక్కన పడేసి పరుగున వచ్చాడు. తన చేతి వంట తిని ప్రాణం పోవడమా!

వైద్యుడు కొండముచ్చు తాత ఒక్క దూకు దూకి వచ్చాడు. "ఏం పెట్టావురా? చెబితేనే మందు!"

బొంతయ్య నోరు తెరిచాడు. వరాలు వైపు చూశాడు. మళ్లీ మూసుకున్నాడు. అవును పిల్లలూ, అప్పుడు కూడా!

చిత్రాంగి కాళ్లు కొట్టుకోవడం ఆగిపోయింది.

"నువ్వులు! నువ్వుల పొడి వేశాను!" అని బొంతయ్య బావురుమన్నాడు.

తాత గబగబా ఆకు పసరు పిండి నోట్లో పోశాడు. చాలాసేపటికి చిత్రాంగి ఊపిరి తీసుకుంది.

వరాలు నివ్వెరపోయింది. "ఇదా నీ గుట్టు? గుమ్మడి పులుసులో నువ్వుల పొడి మా అమ్మమ్మ కూడా వేసేది. దీనికోసమా పిల్లను చంపబోయావు?"

తన నోరు ఆ క్షణంలో ఎలా మూతపడిందో తలుచుకుంటే బొంతయ్యకు తనంటే తనకే భయం వేసింది.

మర్నాటి నుంచి వరాలు తన పాకలో ప్రతి కుండ ముందూ ఒక ఆకు పరిచి, ఆ కుండలో వేసినవన్నీ చిటికెడు చొప్పున పెట్టింది. అడవి అంతా అక్కడికే వెళ్లింది. బొంతయ్య పాకలో పొయ్యి చల్లారింది.

చివరికి అతనూ ఆకులు పరిచాడు. ఎన్నో రోజుల తర్వాత చిత్రాంగి వచ్చి, దూరంగా నిలబడి, ఆకు మీద నువ్వులు చూసింది.

"పులుసు వద్దు, అన్నా. పప్పు పెట్టు" అంది.

తన పులుసు వద్దన్నందుకు బొంతయ్య మొదటిసారి సంతోషంతో ఏడ్చాడు.

నీతి: వండేవారి గొప్ప కన్నా తినేవారి ప్రాణం ముఖ్యం. పెట్టే తిండిలో ఏముందో దాచకుండా చెప్పాలి.