బజ్జీల బండికి బ్యాంకు పాఠాలు

మా చింతలదిబ్బలో ఎవరినైనా ఆపి, "ఈ ఊళ్ళో బాగా తెలివైనవాళ్ళెవరు?" అని అడగండి. ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్తారు. పైడయ్యని అడిగితే మాత్రం ఆలోచించకుండా "మేమే" అంటాడు. తమ్ముడు నూకరాజు "అన్నయ్య సరిగ్గానే చెప్పాడు" అంటాడు. చెల్లెలు వరాలు "మా అన్నయ్యలిద్దరూ అబద్ధమాడరు" అంటుంది. ముగ్గురు సాక్ష్యం చెప్పాక ఇంక కాదనడానికి మనమెవరం?

వాళ్ళ తెలివి ఎలాంటిదంటే, ఎవరేం చెప్పినా అక్షరం వదలకుండా చేస్తారు. "మిగతా జనం సగం వింటారు, సగం వదిలేస్తారు. మేం మొత్తం వింటాం. అదీ తేడా!" అని మీసం దువ్వుతాడు పైడయ్య. మీసం ఇంకా సరిగ్గా రాలేదనుకోండి, దువ్వడం మాత్రం మానడు.

వాళ్ళది బజ్జీల వ్యాపారం. తల్లి పోయాక వరాలే మూకుడు దగ్గర కూర్చుంది. ఆ పిల్ల వేసిన మిరపకాయ బజ్జీ తిన్నవాడు రెండోది అడక్కుండా కదల్లేడు, అందుకు నా పొట్టే సాక్ష్యం. ఏటా మా ఊరి తీర్థంలో, అదే జాతరలో, రంగులరాట్నం పక్కన వాళ్ళమ్మ ఇరవయ్యేళ్ళపాటు బండి పెట్టింది. ఈ ఏడు చూస్తే బండి చక్రాలు విరిగి పెరట్లో కూలబడింది. తీర్థం కమిటీవాళ్ళేమో ఖరాఖండిగా చెప్పేశారు. "తీర్థం రోజు పొద్దున్న పదింటికల్లా బండి కనపడాలి. లేదంటే ఆ చోటు పకోడీల కొండబాబుకి ఇచ్చేస్తాం." పాపం, వరాలు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

సరిగ్గా అప్పుడే మా ఊరి సహకార బ్యాంకువాళ్ళు కాలేజీ గ్రౌండులో షామియానా వేసి కుర్రకారుకి డబ్బు పాఠాలు పెట్టారు. మేనేజరు ఇందుమతి గారు మంచి మనిషి, గలగలా మాట్లాడుతుంది. "ఈ నెల రోజుల్లో ఎవరు ఎక్కువ దాచి చూపిస్తే, వాళ్ళ పనికి కావలసిన సామాను బ్యాంకే కొనిస్తుంది. మిషనో, బండో, ఏదైనా సరే!" అంది.

బండి అన్న మాట వినగానే వరాలు అన్నయ్యలిద్దరి చేతులూ గట్టిగా పట్టేసుకుంది.

"డబ్బు కళ్ళెదురుగా ఉంటే ఖర్చయిపోతుంది, కంటికి కనపడనివ్వకండి," అంది మేనేజరమ్మ. "ఏదైనా కొనాలనిపిస్తే మూడు రోజులు ఆగండి. రహస్య నెంబరు ఎవరడిగినా చెప్పకండి, సొంతవాళ్ళడిగినా సరే. ఇంకో మాట. బ్యాంకంటే భయపడొద్దు. మీరు బ్యాంకుకి రావడం కాదు, బ్యాంకే జనం మధ్యకి రావాలి. అదే నా కోరిక!"

అందరూ చప్పట్లు కొట్టి, పొట్లాల్లో పంచిన పులిహోర తిని మర్చిపోయారు. మనవాళ్ళు మర్చిపోతారా? అంతే, మొదలెట్టేశారు.

మర్నాడు సాయంత్రం నేను బజ్జీలకి వెళితే, ఇంటి అరుగు మీద పొయ్యి పెట్టి వరాలు వేయిస్తోంది. పక్కన నూకరాజు కళ్ళకి తువ్వాలు కట్టుకుని, చెయ్యి చాపుకుని కూర్చున్నాడు.

"కళ్ళకేమైందిరా?" అన్నాను కంగారుగా.

"నా కళ్ళు బాగానే ఉన్నాయి. డబ్బు కనపడకూడదు కదా! డబ్బాలో పడెయ్యి. నువ్వెవరో గానీ ఎక్కువ ఇచ్చినా నాకు తెలీదు, తక్కువ ఇచ్చినా తెలీదు. మోసపోయే సమస్యే లేదు!"

రాత్రి డబ్బాకి మూత బిగించి, పొద్దున్నే బ్యాంకులో ఇచ్చేస్తే, అక్కడి గుమాస్తా పాపం బస్సు టిక్కెట్లు, చొక్కా గుండీలు, ఎవరిదో శుభలేఖ ముక్క ఏరి పక్కన పెట్టి మిగిలింది జమ చేసేవాడు. కానీ మా ఊరివాళ్ళు మరీ అంత చెడ్డవాళ్ళు కాదు సుమండీ. కుర్రాడికి చూపు పోయిందనుకుని జాలిపడి, పదికి ఇరవై వేసి వెళ్ళినవాళ్ళే ఎక్కువ. నేను కూడా వేశాను. తువ్వాలు సంగతి తెలిసి కూడా వేశాను, ఎందుకో అడక్కండి.

వారం తిరక్కుండా శనగపిండి అయిపోయింది. పైడయ్య సంచీ పట్టుకుని సుబ్బారాయుడు కొట్టుకి వెళ్ళి నిలబడ్డాడు.

"ఏం కావాలి పైడయ్యా?"

"శనగపిండి, రెండు కిలోలు."

"ఇదిగో తూస్తున్నా."

"ఆగండాగండి! ఇప్పుడే కాదు. ఎల్లుండి తర్వాత."

"మరి ఎల్లుండి తర్వాతే రావయ్యా!"

"ఇంటికెళ్ళిపోతే ఆగినట్టు ఎలా అవుద్ది? ఆగాలంటే ఇక్కడే ఆగాలి."

ఇంకేముంది, మూడు రోజులూ ఆ కొట్టు ముందే నిలువుకాళ్ళ మీద ఉన్నాడు. వచ్చేవాళ్ళకి అడ్డం, పోయేవాళ్ళకి అడ్డం. సుబ్బారాయుడి పెళ్ళాం జాలిపడి మజ్జిగిస్తే, "ఇది కొనడం కాదు, ఊరికే ఇస్తున్నారు, తాగొచ్చు" అని మూడు గ్లాసులు తాగాడు. మూడోరోజు సాయంత్రానికి ఎండకి తల తిరిగి, దేనికోసం నిలబడ్డాడో మర్చిపోయి ఖాళీ సంచీతో ఇంటికొచ్చేశాడు. మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ మూడు రోజులు. చొక్కా కొనాలన్నా అంతే, సబ్బు కొనాలన్నా అంతే. ఆ నెలలో వాళ్ళు స్నానం ఎలా చేశారో నాకు తెలీదు, తెలుసుకోవాలని కూడా లేదు.

నెలాఖర్లో నూనె కోసం డబ్బు తియ్యాలని అన్నదమ్ములిద్దరూ బ్యాంకు పక్కనున్న ఏటీఎంకి వెళ్ళారు. నూకరాజు కార్డు పెట్టాడు. మిషను నెంబరు నొక్కమంది.

నూకరాజు ముఖం ఎర్రబడింది. "అన్నయ్యా, చూశావా! నెంబరు అడుగుతోంది!"

"సిగ్గులేదూ?" అన్నాడు పైడయ్య మిషనుతో. "పరిచయమైనా కాలేదు, అప్పుడే నెంబరు కావాలా?"

మిషను మళ్ళీ అడిగింది. నూకరాజు చేతులు కట్టుకున్నాడు. "సొంతవాళ్ళకే చెప్పం, నీకు చెప్తామా?" కాసేపు చూసి మిషను కార్డు మింగేసింది. ఇంకేముంది! "దొంగ! దొంగ! పట్టుకోండి!" అని ఇద్దరూ ఒకటే అరుపులు. బస్టాండులో జనమంతా పరిగెత్తుకొచ్చారు. పైడయ్య మిషనుని రెండు చేతులా వాటేసుకుని, "పారిపోకుండా పట్టుకున్నాను, పోలీసుల్ని పిలవండి" అంటున్నాడు.

మేనేజరమ్మ వచ్చింది. సంగతి మొదటినుంచీ విని, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది. వెనకే వచ్చిన వరాలు నవ్వలేదు.

"ఏమ్మా, మేం చేసింది తప్పా?" అంది. "మీరు చెప్పినట్టే చేశాం. బండి లేకపోతే మా అమ్మ నిలబడ్డ చోట కొండబాబు నిలబడతాడు. ఏడాదికోసారి అక్కడ నిలబడితే నాకు మా అమ్మ పక్కనున్నట్టే ఉంటుంది." అంటూనే బావురుమంది.

మేనేజరమ్మ నవ్వు టక్కున ఆగిపోయింది. లోపలికెళ్ళి ఖాతా తీయించింది. తీయించి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. షామియానా కింద పాఠం విన్న కుర్రకారు మొత్తంలో ఎక్కువ దాచింది వీళ్ళే! దాచక ఏం చేస్తారు? నెలంతా ఒక్క వస్తువు తిన్నగా కొంటే కదా! బీకాం చదివిన కుర్రాళ్ళు కొత్త ఫోన్లు కొనేసి నోళ్ళు వెళ్ళబెట్టారు.

అలా తీర్థానికి మూడు రోజుల ముందు, బ్యాంకు గేటు దగ్గర, పచ్చరంగు వేసిన సరికొత్త బండి వాళ్ళ ముందు నిలబెట్టారు. వరాలు దాని చుట్టూ తిరిగి, పిల్లని నిమిరినట్టు నిమిరింది.

"తీసుకెళ్ళండి, మీదే!" అంది మేనేజరమ్మ.

"మూడు రోజులు ఆగాలి కదమ్మా," అన్నాడు పైడయ్య.

"ఇది కొనడం కాదయ్యా, బహుమతి!"

"కొన్నది మీరు కదా. మీరాగలేదు. మీ బదులు మేం ఆగుతాం."

మేనేజరమ్మ "సరే, అంతవరకూ ఎవరూ ఎత్తుకుపోకుండా" అని నెంబర్ల తాళం, గొలుసు తెప్పించింది. "నెంబరు మీరే పెట్టుకోండి" అంది. పైడయ్య అటు తిరిగి నెంబరు పెట్టి, బండిని బ్యాంకు గేటుకి కట్టేశాడు. మూడు రోజులూ ముగ్గురూ బండి పక్కనే ఆగారు.

తీర్థం రోజొచ్చింది. బ్యాంకుకి సెలవు. పొద్దున్న తొమ్మిదైంది.

"తాళం తియ్యి అన్నయ్యా," అంది వరాలు, పిండి గిన్నె నెత్తిన పెట్టుకుని.

పైడయ్య కదల్లేదు. "నెంబరు నాకు తెలుసు. కానీ తిప్పితే తాళానికి తెలిసిపోద్ది."

"అమ్మో, నిజమే!" అన్నాడు నూకరాజు.

"నాకు చెప్పు, నేను తిప్పుతాను."

"సొంతవాళ్ళకి అసలే చెప్పకూడదు చెల్లెమ్మా."

తొమ్మిదిన్నరయింది. వరాలు కళ్ళనిండా నీళ్ళు. అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చెల్లెలు ఏడిస్తే మాత్రం వాళ్ళు చూడలేరు. అంతే, గేటుని చెరో పక్కా పట్టుకుని హుప్పని ఎత్తారు. అది కీళ్ళలోంచి ఊడి చేతిలోకొచ్చింది. దాన్ని బండి మీద అడ్డంగా పడేసి, గొలుసుతో సహా తోసుకుంటూ ఊరి మధ్యనుంచి పరుగే పరుగు!

పదికి రెండు నిమిషాలుండగా రంగులరాట్నం పక్కన బండి ఆగింది. అప్పటికే అక్కడ కాచుకున్న కొండబాబు తన మూకుడు ఎత్తుకుని వెళ్ళిపోయాడు. వరాలు తల్లి నిలబడ్డ చోట నిలబడి, కళ్ళు తుడుచుకుని మొదటి బజ్జీ నూనెలో వేసింది. మొదటి వాయి నాకే.

ఇంతలో మేనేజరమ్మ రొప్పుకుంటూ వచ్చింది. గేటుకున్న బ్యాంకు బోర్డు చూసి అప్పటికే పదిమంది ముసలమ్మలు పాసుపుస్తకాలు పట్టుకుని బండి ముందు వరసలో నిలబడ్డారు.

"ఏంటయ్యా ఇది!" అంది ఆవిడ తల పట్టుకుని.

"మీ కోరికేనమ్మా!" అన్నాడు పైడయ్య మీసం దువ్వుతూ. "బ్యాంకే జనం మధ్యకి రావాలన్నారు కదా. ముందు గేటు తెచ్చాం. గోడలు కొంచెం గట్టిగా ఉన్నాయి. మీరు కంగారు పడకండి, నూకరాజు గునపం తీసుకుని వెళ్ళాడు."