ఆదెమ్మ వంటగట్టు

అనగనగా సిరివరమని ఒక రాజ్యం. మరీ పెద్దదేం కాదు లెండి, పొద్దున్నే గుర్రమెక్కితే మధ్యాహ్నం భోజనం వేళకి అవతలి పొలిమేర చేరిపోవచ్చు. ఆ రాజ్యాన్ని విజయకేతుడనే రాజు ఏలుతుండేవాడు. మనసు మంచిదే, తిండి దగ్గర మాత్రం పట్టింపు జాస్తి. పులిహోర అంటే ప్రాణం పెట్టేవాడు.

ఆ పులిహోర కలిపేది ఆదెమ్మ. ముప్పై ఏళ్ళుగా రాజుగారి వంటశాల ఆమె చేతిలోనే ఉంది. రాజుకి చిన్నప్పుడు గోరుముద్దలు తినిపించిందీ ఆమే. నా అన్నవాళ్ళు ఎవరూ లేరు. ఆ పొయ్యిలు, ఆ గంగాళాలే ఆమె సంసారం.

ఒకరోజు రాజు వంటశాలకి వచ్చేసరికి ఆదెమ్మ కత్తిపీట ముందు నుంచి గోడ పట్టుకుని లేస్తోంది. మోకాళ్ళు పట్టేశాయి. రాజుకి జాలేసింది.

"ఇక నువ్వు కింద కూర్చుని తరగొద్దు ఆదెమ్మా. నిలబడి పని చేసుకునేట్టు నడుమెత్తు గట్టు కట్టిస్తాను" అన్నాడు.

అన్నట్టే కట్టించాడు. అక్కడితో ఆగితే బాగుండేది. రాజు కదా, ఊరుకుంటాడా? పొరుగు రాజుగారి కొలువులో చూసిన పాలరాయే గట్టు మీద పరవాలన్నాడు. రాయి వచ్చింది. తెల్లగా, నున్నగా, అక్కడక్కడ బూడిదరంగు చారలతో ఎంత బాగుందో! ఆదెమ్మ దాన్ని తడిమి తడిమి మురిసిపోయింది.

మొదటిరోజు ఆ గట్టు మీద నిమ్మకాయలు కోసింది. రసం కారిన చోటల్లా మెరుపు పోయి మచ్చలు పడ్డాయి. రెండోరోజు తడి మీద పసుపు ఒలికింది. ఎంత తుడిచినా పోదే, రాయిలోకి ఇంకిపోయింది.

మూడోరోజు ఆదెమ్మ బాగా ఆలోచించింది. ఇత్తడి గంగాళం నల్లబడితే ఏం చేస్తాం? చింతపండు పట్టించి తోముతాం, తళతళలాడుతుంది. పాపం, ఆమె ఆ పనే చేసింది. గట్టంతా చింతపండు పులుసు పట్టించి, కొబ్బరి పీచుతో బరబరా తోమింది. కడిగి చూస్తే ఏముంది, మిగిలిన కాస్త మెరుపూ పోయి రాయి మొత్తం వెలవెలబోయింది.

ఆదెమ్మ వెళ్ళి జరిగింది జరిగినట్టు రాజుకి చెప్పింది. రాజు ఆమెను ఏమీ అనలేదు గానీ మొహం ముడుచుకున్నాడు. పనివాళ్ళని పిలిచి రాయికి మళ్ళీ మెరుగు పెట్టించాడు. ఆ పైన ఒక ఆజ్ఞ వేశాడు. "ఇకమీదట వంటశాలలో నిమ్మకాయ, పసుపు, చింతపండు కనిపించకూడదు."

చూశారా చోద్యం! ఆ మూడూ తీసేస్తే మన వంటలో ఇంకేం మిగులుతుంది? చారు వేడినీళ్ళయింది. పప్పు పాలిపోయింది. పులిహోర ఊసే లేదు. రాకుమారి కంచం తోసేసి లేచిపోయేది. పది రోజులు గడిచేసరికి రాజుగారికే ముద్ద దిగడం మానేసింది. అయినా తాను వేసిన ఆజ్ఞ తానే ఎలా తీసేస్తాడు? బింకం అడ్డొచ్చింది.

పదకొండో రోజు వంటశాలకి వెళ్ళి చూశాడు. గట్టు మీద దుప్పటి కప్పి ఉంది. ఆదెమ్మ ఎప్పటిలాగే నేల మీద కూర్చుని కత్తిపీటతో సొరకాయ తరుగుతోంది.

"ఇదేమిటి ఆదెమ్మా?" అన్నాడు రాజు.

"నేను వెళ్ళిపోతాను బాబూ" అంది ఆదెమ్మ. "ఆ రాయంటే నాకు భయం పట్టుకుంది. చేతిలోంచి ఏది జారినా గుండె గుభేలుమంటోంది. భయపడుతూ వండితే కూడు రుచిస్తుందా?"

"ఎక్కడికి వెళతావు?"

"తెలీదు బాబూ."

రాజు ఆమె పక్కనే నేల మీద కూలబడ్డాడు. "తప్పు నాది. నీ కోసం కట్టించిన గట్టుకి నిన్నే కాపలా పెట్టాను. ఒక్క వారం ఆగు. కొత్త పలక వేయిస్తాను. పరీక్ష చేసేది నువ్వు, ఎంచేది నువ్వు. ఏదీ నచ్చకపోతే అప్పుడు నీ ఇష్టం" అన్నాడు.

దండోరా వేయించారు. వారం తిరిగేసరికి ముగ్గురు వచ్చారు. పరీక్ష చూడ్డానికి సభంతా వంటశాలకే తరలివచ్చింది.

మొదటి వర్తకుడు ఇంకా తెల్లని పాలరాయి తెచ్చాడు. "దీనికి ఏ లోపమూ లేదు" అన్నాడు. ఆదెమ్మ నిమ్మచెక్క పిండి, కాసేపాగి తుడిచింది. మచ్చ పడింది.

రెండో వర్తకుడు పాలరాయికి దళసరిగా మైనం పట్టించి తెచ్చాడు. "దీనికీ ఏ లోపమూ లేదు" అన్నాడు. నిమ్మరసం ఏమీ చేయలేదు. పసుపూ తుడిస్తే పోయింది. సభంతా శెభాష్ అంది. ఆదెమ్మ పొయ్యి మీది గంగాళం దించి దాని మీద పెట్టింది. మైనం కరిగి కారిపోయింది.

మూడోవాడు పైడయ్య, కుమ్మరి. చేతులకి బట్టీ మసి ఇంకా వదల్లేదు. అతను తెచ్చింది పింగాణీ పలక. మేలురకం మట్టిని గట్టిగా అదిమి, మహా వేడిలో కాల్చి చేసింది. చూడ్డానికి అచ్చం పాలరాయే, చారలతో సహా.

"మట్టి పెంకు!" అని సభలో ఎవరో నవ్వారు.

"మట్టేనండి" అన్నాడు పైడయ్య. "ముందే చెబుతున్నాను, దీనికి లోపముంది. అంచు మీద బరువైంది పడితే పెచ్చు లేస్తుంది. అడుగున గట్టు ఎత్తుపల్లాలు లేకుండా ఉండాలి. లేకపోతే పగులుతుంది."

ఆదెమ్మ నిమ్మకాయ పిండింది. పసుపు ముద్ద రాసింది. చింతపండు పులుసు పోసింది. సాయంత్రం దాకా అలాగే వదిలేసి తడిగుడ్డతో తుడిస్తే మొత్తం పోయింది. సలసల కాగే గంగాళం పెట్టింది, పలక చెక్కుచెదరలేదు.

అప్పుడు మొదటి వర్తకుడు ఊరుకోలేక, "అతను చెప్పిన లోపం కూడా చూడండి మహారాజా" అని రోకలి ఎత్తి అంచు మీద ఒక్క పోటు వేశాడు. బొటనవేలంత పెచ్చు ఊడి కింద పడింది. సభ గొల్లుమంది. పైడయ్య తల దించుకున్నాడు.

"ఇక చెప్పు ఆదెమ్మా, ఉంటావా, వెళతావా?" అన్నాడు రాజు.

ఆదెమ్మ ఆ పెచ్చు తీసి అరచేతిలో పెట్టుకుంది.

"ఆ ఇద్దరూ చెప్పింది జరగలేదు బాబూ. ఇతను చెప్పింది చెప్పినట్టే జరిగింది. రోకలి అంచున పెట్టకుండా నేను చూసుకుంటాను, అదెంత పని? చింతపండు లేకుండా మాత్రం వండలేను. ఈ పలకే వేయించండి, ఉంటాను."

రాజు కళ్ళు తుడుచుకుని, తన ఆజ్ఞ తానే రద్దు చేసి, పైడయ్యకి శాలువా కప్పాడు. పాలరాయిని ఎవరూ వండని చోట, కొలువుకూటంలో పరిపించాడు. అక్కడ అది హాయిగా మెరుస్తూ ఉండిపోయింది. మర్నాడు ఆదెమ్మ కొత్త గట్టు ముందు నిలబడి, గంగాళం నిండా పులిహోర కలిపింది. మొదటి ముద్ద పైడయ్యకే పెట్టింది.

కాబట్టి పిల్లలూ, మనిషిని భయపెట్టే అందం కన్నా, తన లోపం ముందే చెప్పి పనికొచ్చే వస్తువే మేలు. మనుషుల విషయంలోనూ అంతే.