కళ్లు మూసుకుని చేసిన తీర్మానాలు

అనగనగా అన్నానని మరీ పాతకాలం అనుకోకండి పిల్లలూ, ఒక అడవిలో ఒక కొండ ఉండేది. ఆ కొండ మీద అడవి సంఘంవాళ్లు చర్చి కట్టుకున్నారు. దాని పక్కనే ఒక పెద్ద విశ్వవిద్యాలయం కూడా పెట్టారు. పెట్టినవాళ్లు మంచి మనసున్నవాళ్లు. మన సంఘమా, బయటి సంఘమా అని అడగకుండా, చదువుకుంటానన్న ప్రతి జీవినీ లోపలికి రానిచ్చారు.

దాన్ని నడపడానికి ఒక పాలకమండలి ఉండేది. అధ్యక్షుడు చర్చి పాస్టరు సత్యానందం అయ్యగారనే కొంగ. సభ్యులు ముగ్గురు. ఏనుగు దేవసహాయం, కుందేలు సలోమి, ఉడుము మార్తమ్మ. తీర్మానాలు రాసే పని వడ్రంగిపిట్టది. రాయడమంటే కాగితం మీద కాదు, టేకు మాను మీద ముక్కుతో చెక్కేది. చెక్కాక ఇంక మాట లేదు.

మండలి ఎప్పుడు కలిసినా ముందు ప్రార్థన చేసేవాళ్లు. అందరూ లేచి కళ్లు మూసుకోవాలి. అయ్యగారు ప్రార్థన చెప్పాలి. ప్రతి ఒక్కరూ ఆమెన్ అన్నాకే కూర్చోవాలి. మంచి పద్ధతే, నేను కాదనను. తంటా అంతా అయ్యగారితో వచ్చింది. ఆయన చెడ్డవాడేం కాదు గానీ, ఎవరైనా ఎదురు చెబితే తట్టుకోలేడు. అందుకని తాను చేయాలనుకున్న పనిని మెల్లగా ప్రార్థనలో కలిపేసేవాడు. మిగతావాళ్లు అలవాటుగా ఆమెన్ అనేవారు. వెంటనే వడ్రంగిపిట్ట టకటకా చెక్కేది, అందరూ ఒప్పుకున్నారని.

ఇప్పుడు నాంచారమ్మ టీచరు సంగతి చెప్పాలి. ఆమె ముంగిస. ఇరవై ఏళ్లుగా అక్కడ వైద్యం నేర్పుతోంది. ఏ ఆకు పసరు ఏ పుండుకు వేయాలో, విరిగిన కాలికి కట్టు ఎలా కట్టాలో ఆమెకు తెలిసినంతగా అడవిలో ఇంకెవరికీ తెలియదు. కాకపోతే ఆమె చర్చి సంఘంలో మనిషి కాదు. ఆమె దేవుడు ఆమెకున్నాడు. బయటివాళ్లు ఎక్కువైపోతున్నారని అయ్యగారికి బెంగ పట్టుకుంది.

వానాకాలం మొదట్లో మండలి కలిసింది. నాంచారమ్మ పెంచుతున్న మూలికల తోటలో సగం తీసేసి అక్కడ ప్రార్థన మంటపం వేసే మనసు తమకిచ్చినందుకు స్తోత్రమని అయ్యగారు ప్రార్థించాడు. అందరూ ఆమెన్ అన్నారు. మార్తమ్మ కూడా అంది. కళ్లు తెరిచేసరికి వడ్రంగిపిట్ట చెక్కేస్తోంది.

చలికాలంలో మళ్లీ కలిశారు. వైద్యం తరగతిలో ఇకమీదట సంఘం పిల్లలనే చేర్చుకునే తెలివి దయచేసినందుకు స్తోత్రమని ఈసారి ప్రార్థన. మళ్లీ ఆమెన్. మార్తమ్మకు ఇది తప్పనిపించింది. ఆమెన్ అన్నాక నోరు విప్పబోతే, ప్రార్థన అయిపోయిందిగా మార్తమ్మా అన్నాడు అయ్యగారు.

మర్నాడు ఆమె గేటు దగ్గర నిలబడి చూసింది. వైద్యం తరగతిలో చేరడానికి వచ్చిన ఇద్దరు నీటిపాము పిల్లలూ ఒక ఎండ్రకాయా మూటలు సర్దుకుని తిరిగి వాగు వైపు వెళ్లిపోతున్నారు. వాళ్ల వాగులో వైద్యం తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. మార్తమ్మకు ఏడుపొచ్చింది. వాళ్లను పంపింది అయ్యగారొక్కడే కాదు, ఆమెన్ అన్న తానూ పంపిందని ఆమెకు అర్థమైంది.

ఎండలు ముదిరాక మూడోసారి కలిశారు. అయ్యగారు మెడ సాచి కళ్లు మూసుకున్నాడు.

"ప్రభువా, మా మందలో లేని నాంచారమ్మను ఈ పని నుంచి సాగనంపే ధైర్యం మాకిచ్చినందుకు స్తోత్రం."

ఏనుగు ఆమెన్ అంది. కుందేలు ఆమెన్ అంది. మార్తమ్మ అనలేదు.

ఒక్కరు అనకపోయినా కూర్చోవడానికి లేదు కదా. అందరూ నిలబడే ఉన్నారు. అయ్యగారు ఒక కన్ను కొంచెం తెరిచి చూశాడు. మార్తమ్మ నాలుగు కాళ్లతో బల్లను కరుచుకుని ఉంది. ఉడుంపట్టు అని ఊరికే అనరు మరి.

అయ్యగారు మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి మార్తమ్మ రాతిగుండె కరగాలని చాలాసేపు ప్రార్థించాడు. ఆమె పలకలేదు. మూడోసారి ఇంకా పెద్ద ప్రార్థన చేశాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. ఏనుగుకు కాళ్లు లాగాయి, కుందేలుకు కడుపు కాలింది. మార్తమ్మకు మాత్రం ఇంకో భయం. ప్రార్థనకు అడ్డం పడ్డదని రేపు సంఘమంతా ఆడిపోసుకుంటుందని ఆమెకు తెలుసు. అయినా పట్టు వదల్లేదు.

"దేవుడితో పోట్లాడుతున్నావా మార్తమ్మా?" అన్నాడు అయ్యగారు.

"లేదయ్యగారూ. దేవుడికి ఎప్పుడైనా ఆమెన్ అంటాను. ఇది మీ మాట. కళ్లు తెరిచి అడగండి, కళ్లు తెరిచే జవాబు చెబుతాను."

అప్పుడు ఏనుగు కళ్లు తెరిచింది. ఇంతకీ మనం దేనికి ఆమెన్ అన్నామని అడిగింది. పాపం, అది భోజనం గురించి ఆలోచిస్తోంది. నాంచారమ్మను తీసేయడానికని కుందేలు చెప్పింది. ఏనుగు తన కాలు వంక చూసుకుంది. పోయినేడు ఆ కాల్లో దిగిన వెదురు ముల్లును తీసింది నాంచారమ్మే.

"ఆమెను పిలిపిద్దాం. మీరే చెప్పండి అయ్యగారూ, ఆమె ముఖం చూసి చెప్పండి," అంది మార్తమ్మ.

నాంచారమ్మ వచ్చింది. తరగతి మధ్యలోంచి వచ్చింది కాబట్టి చేతులకు పసరు అలాగే ఉంది. పిలిచారటగా అయ్యగారూ అని నిలబడింది. అయ్యగారు ముక్కు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. ఎంత ప్రయత్నించినా ఆ మాట బయటికి రాలేదు. సిగ్గుతో ఆయన మెడ వాలిపోయింది.

"మీ తోట సగం తీసుకున్నాం. తప్పు చేశాం," అన్నాడు చివరికి.

ఆ రోజు మండలి కళ్లు తెరిచి కూర్చుంది. వాదించుకున్నారు, గొంతులు పెంచారు. చివరకు చేతులెత్తి పాత తీర్మానాలు రెండూ కొట్టేశారు. వడ్రంగిపిట్ట చెక్కినదంతా చెరిపేసరికి ముక్కు నొప్పి పుట్టింది.

మరుసటి ఏడు సంఘం పెద్దలు మార్తమ్మను మండలిలోకి తీసుకోలేదు. పొగరుబోతన్నారు. ఆమెకు బాధ కలగలేదంటే అబద్ధం. అయినా ఒకరోజు ఆమె వైద్యం తరగతి కిటికీ దగ్గర ఆగింది. లోపల నీటిపాము పిల్ల ఒకటి విరిగిన కాలికి కట్టు కట్టడం నేర్చుకుంటోంది. పక్కనే నిలబడి సరిచేస్తున్నది ముంగిస. ఆ సీటు పోయినా ఫరవాలేదనుకుని మార్తమ్మ తృప్తిగా కొండ దిగింది.

నీతి: తప్పని తెలిసిన మాటకు మొహమాటంతో సరేనంటే ఆ తప్పులో మనకూ వాటా ఉంటుంది, ఒంటరిగా మిగిలినా సరే, కాదనాల్సిన చోట కాదనాలి.