మాట్లాడని బంతి

మద్దిలేటయ్యగారి శిష్యుల్లో రాజగోపాలం ఆ ఊరి సర్పంచి. నిజాయితీపరుడు, ఆ సంగతి అందరికంటే ముందు తనకే తెలుసు. ఊరందరికీ భోజనాలు పెట్టే ఆరాధన నాటి ఉదయం అతను గురువుగారిని అడిగాడు:

“స్వామీ, ఊరికి మంచినీళ్ల ట్యాంకు మంజూరైంది. ఎక్కడ కట్టాలో నేను నిర్ణయించేశాను. లంచం ముట్టను, పక్షపాతం చూపను. ఇంకా గ్రామసభ పెట్టి అందరి అరుపులూ వినాలంటారా?”

గురువుగారు “ఈ పూట వడ్డన నువ్వు చూడు” అన్నారు. జనం బంతిలో కూర్చున్నాక, భోజనం అయ్యేదాకా ఎవరూ నోరు విప్పకూడదనీ, ఆకుకు చెయ్యి అడ్డం పెట్టకూడదనీ చెప్పారు.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. రాజగోపాలం ఎవరివాడూ కాదు. అందరికీ ఒకే గరిటె, ఒకే కొలత. మారు వడ్డన కూడా అంతే. పళ్లు లేని ఓబులమ్మ ఆకులో అలసంద వడలు గుట్టపడ్డాయి. చక్కెర జబ్బున్న మాస్టారు భక్ష్యాల వంక బిక్కమొహంతో చూస్తూ కూర్చున్నాడు. పొద్దుటినుంచి పందిరి గుంజలు పాతిన సుంకన్న పెట్టింది పెట్టినట్టు ఊడ్చేసి, ఖాళీ ఆకు ముందు చేతులు కట్టుకున్నాడు. ఒకాయన ఆకు చిరిగి చారు పంచెమీదికి పారుతున్నా పలకలేదు. గురువుగారి మాట మరి. రాజగోపాలం అప్పటికే బంతి చివరికి చేరి, తన పనితనానికి తానే మురిసిపోతున్నాడు.

ఆకులెత్తే వేళకు గానీ అతనికి తెలియలేదు. ఓబులమ్మ ఆకులో వడలు అలాగే ఉన్నాయి. సుంకన్న ఆకు కడిగినట్టుంది. వంటశాలలో చూస్తే గంగాళంలో ఇంకా బోలెడు అన్నం. ఒక మనిషి తన చేతి వడ్డన తిని ఆకలితోనే లేస్తున్నాడని రాజగోపాలానికి మనసు చివుక్కుమంది.

“ఒక్క మాట చెబితే తెచ్చిపెట్టేవాణ్ణి కదయ్యా!”

“గురువుగారు నోరు తెరవొద్దనిరి కదా సామీ” అన్నాడు సుంకన్న. “అయినా తమరు మంచోళ్లు. అంతా చూసుకుంటార్లే అనుకుంటి.”

రాజగోపాలం తలదించుకుని గురువుగారి దగ్గరికి వెళ్లాడు. “పొరపాటైంది స్వామీ. ఆకులెత్తేటప్పుడు గానీ తెలియలేదు.”

“దానికేం నాయనా, సుంకన్నకు ఇంకో ఆకు వేద్దాం” అన్నారు గురువుగారు. “ట్యాంకునైతే ఎత్తి ఇంకోచోట పెట్టలేం.”