ఎర్రరంగు వేసిన స్టాండు

"వందేళ్లు నిలుస్తుంది. నాది పూచీ."

నాగులవాగు మీద కాలివంతెన తెరిచిన రోజున కాంట్రాక్టరు మైకు పట్టుకుని అన్న మాట ఇది. జనం చప్పట్లు కొట్టారు. ప్రభంజన్ కూడా కొట్టాడు.

రెండో వానాకాలానికే వంతెన వాగులో కలిసింది. తెల్లవారుజామున పూలగంప నెత్తిన పెట్టుకుని పోతున్న లింగమ్మ దానితోపాటే పోయింది. నీళ్లు తగ్గాక చూస్తే, విరిగిన స్తంభంలో ఉండాల్సిన ఇనుము లేదు. పైన మాత్రం నున్నటి సిమెంటు పూత, ఆ పూత మీద అందమైన నీలం రంగు.

ఆనాటి నుంచి ప్రభంజన్‌కు భయం పట్టుకుంది. కల్వర్టు దాటాలంటే కాలు ముందుకు పడదు. మేడ మెట్లు ఎక్కుతూ గోడను వేళ్లతో తట్టి చూస్తాడు. తలమీద తిరిగే ఫ్యాను కింద కూడా కుదురుగా కూర్చోలేడు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. భయం వేసినప్పుడల్లా కోపం తెచ్చుకునేవాడు. పుస్తకాలు చాలా చదివినవాడు కనుక కోపానికి మాటల కొరత రాలేదు.

అతను ఇనుప పని నేర్చుకునేది దస్తగిరి ఉస్తాద్ దగ్గర. ఇంటి వెనక రేకుల షెడ్డే ఉస్తాద్ కార్ఖానా. షెడ్డు మధ్యలో తుప్పు పట్టిన పాత అంబాసిడర్ ఉండేది. ఉస్తాద్ తన భార్య మహబూబీని పెళ్లినాడు ఇంటికి తెచ్చుకున్న బండి అది. దాన్ని మళ్లీ నడిపించి, ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని దర్గాకు పోవాలని ఆయన ముచ్చట.

బండి బాగుపడాలంటే ముందు షెడ్డు బాగుపడాలన్నాడు ప్రభంజన్. ఉస్తాద్ సరేనన్నాడు. మట్టినేల మీద సిమెంటు పోశారు. ఇనుమును కదలకుండా పట్టి ఉంచే వైసు బిగించడానికి గట్టి బల్ల చేశారు. దాని మీదికి మంచి దీపం వచ్చింది. కారు కింద ఇన్నాళ్లూ చెక్కదిమ్మెలు పెట్టి నెట్టుకొచ్చారు. వాటి బదులు మూడు కాళ్ల ఇనుప స్టాండ్లు రెండు చేసే పని ప్రభంజన్ మీద పడింది.

ఆ షెడ్డులో ఒక రివాజు ఉంది. అతికిన ఇనుముకు వెంటనే రంగు వెయ్యకూడదు. అతికినవాడే దాన్ని పచ్చిగా తెచ్చి, ఉస్తాద్ కళ్లముందు సుత్తితో కొట్టాలి. అతుకు నిలిచాకే రంగు డబ్బా మూత తియ్యాలి.

ఒక మధ్యాహ్నం ఉస్తాద్ షెడ్డులోకి వచ్చేసరికి ప్రభంజన్ గోడకు తెల్లగుడ్డ కట్టి, దాని మీద పెద్ద పెద్ద అక్షరాలు రాస్తున్నాడు: 'లింగమ్మను చంపిన స్తంభంలో ఇనుము ఏది? జవాబు చెప్పాలి'. కింద గడువు తేదీకి కాస్త చోటు వదిలాడు. ఏ తేదీ వెయ్యాలో, వంతెన మీద పోరాడుతున్న అతని సంఘంలో ఇంకా తేలలేదు.

"ఉస్తాద్, వచ్చే వారం ఊరేగింపు. మీరు ముందు నడవాలి."

"స్టాండ్లు అయినాయా?"

"మనుషులు చచ్చిపోతుంటే మీకు స్టాండ్లా? చూస్తూ ఊరుకున్నవాడు హంతకుడికి గొడుగు పట్టినట్టే! మౌనం కూడా నేరమే!"

"సరే అబ్బీ. అయినాయా?"

గడపలో నిలబడి బియ్యం ఏరుతున్న మహబూబీ నవ్వింది. "వాళ్లమ్మ వీణ్ని మైకుతో సహా కన్నట్టుంది."

ప్రభంజన్ మొహం గంటు పెట్టుకుని పోయి స్టాండ్లు తెచ్చి ముందు పెట్టాడు. ఎర్రటి రంగులో తళతళలాడుతున్నాయి.

ఉస్తాద్ వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "రంగు వేసినావే."

"తుప్పు పడుతుందని."

"బాగా వచ్చినాయా?"

"వందేళ్లు నిలుస్తాయి ఉస్తాద్."

ఉస్తాద్ ఇంకేమీ అడగలేదు. జాకీతో కారు ముందుభాగం ఎత్తించాడు. చెరోవైపు ఒక స్టాండు పెట్టించాడు. తానే జాకీ దించి, దాన్ని లాగి పక్కన పడేశాడు. గోనెసంచి పరుచుకుని, పానా, సుత్తి తీసుకుని వెల్లకిలా కారు కిందికి జరిగాడు. బయటికి మోకాళ్ల నుంచి పాదాల దాకా కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

అప్పుడు ప్రభంజన్ ఎడమవైపు స్టాండును చూశాడు.

ఆ స్టాండు వెనకకాలు అతికిన రోజు వాన. వెల్డింగు రాడ్లు చెమ్మగిల్లి ఉన్నాయి. కరెంటు వస్తూ పోతూ ఉంది. కరిగిన ఇనుము లోపలికి దిగకుండా పైపైన కూర్చుంది. ఆ సంగతి అతనికి ఆ క్షణమే తెలుసు. మళ్లీ కోసి అతకాలి. కానీ ఆ సాయంత్రం సంఘం మీటింగు, వంతెన మీద మాట్లాడాల్సింది తనే. సందులు కప్పే లప్పం పెట్టి నున్నగా రుద్దాడు. రంగు వేశాడు. వేశాక చూస్తే చాలా బాగుంది. అంత బాగుండేసరికి తనే మరిచిపోయాడు.

కింద సుత్తి దెబ్బ పడింది. తుప్పు పట్టిన బోల్టు కదలడం లేదు. మళ్లీ దెబ్బ. బండి సన్నగా ఊగింది.

ప్రభంజన్ కారు పక్కకు వచ్చి వంగాడు.

"ఉస్తాద్... కాసేపు బయటికి రండి."

"ఎందుకు?"

"టీ తాగుదురు గానీ."

"టీ ఎక్కడుందిరా?"

ఇంకో దెబ్బ. ఎర్రరంగు మీద వెంట్రుకంత గీత కనిపించినట్టయింది. నిజంగా ఉందో, తన కళ్లే అలా చూస్తున్నాయో తెలియలేదు. కళ్లు నులుముకున్నాడు. గీత అక్కడే ఉంది. జాకీ తీసుకుందామంటే, చెప్పకుండా పెట్టడం ఎలా? చెబితే ఈ నోటితో రేపు ఊళ్లో ఏం మాట్లాడాలి? కింద ఉస్తాద్ ఏదో పాత పాట కూనిరాగం తీస్తున్నాడు.

మహబూబీ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి కారు తలుపు తీసింది. "పెళ్లినాడు ఇక్కడే కూర్చున్నా. తల ఎత్తితే మా అత్త తిడుతుందని దారి పొడుగునా చెప్పులే చూసుకుంటా వచ్చినా." నవ్వుతూ ఒక కాలు లోపల పెట్టింది.

"బీబమ్మా, ఎక్కొద్దు!"

ఆ కేకకు ఆమె బిగుసుకుపోయింది. కింద కూనిరాగం ఆగిపోయింది.

"కాలు తియ్యండి. మెల్లగా." అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "ఉస్తాద్, కదలొద్దు. స్టాండు ఒక కాలు... నాకు నమ్మకం లేదు."

కింద సుత్తిని నేల మీద పెట్టిన చప్పుడైంది.

"ఏ కాలు?"

"మీ తల దగ్గరది."

"జాకీ పెట్టు."

జాకీని సరైన చోట ఆనించడానికి రెండుసార్లు తప్పాడు. పిడి తిప్పుతుంటే చేతులు జారాయి. బండి బరువు జాకీ మీదికి వచ్చేదాకా ఊపిరి తియ్యలేదు. ఉస్తాద్ నిదానంగా వీపు మీద జరుగుతూ బయటికి వచ్చి, లేచి కూర్చుని, గడ్డంలో పడ్డ తుప్పు దులుపుకున్నాడు. మహబూబీ ఆయన భుజం మీద చెయ్యి వేసి తియ్యలేదు. ఇప్పుడు ఆమె నవ్వడం లేదు.

ప్రభంజన్ నేల మీద కూలబడ్డాడు. "మీకు ముందే తెలుసు కదా ఉస్తాద్? రంగు చూసే అనుమానం వచ్చి, నన్ను పరీక్షించడానికే..."

"నాకేం తెలుసు? బాగా వచ్చినాయా అని అడిగితిని. వచ్చినాయంటివి. దూరితిని."

ఆయన సుత్తి తీసి ప్రభంజన్ చేతికిచ్చాడు.

ప్రభంజన్ స్టాండు లాగి బోర్లించి, ఆ కాలి మీద కొట్టాడు. ఒక్క దెబ్బకే ఊడి సిమెంటు నేల మీద దొర్లింది. ఎర్రరంగు పెచ్చులుగా లేచింది. కింద తెల్లటి లప్పం. దాని కింద అతుకు ఆనవాలే లేదు.

ముగ్గురూ దాన్ని చూశారు.

మర్నాడు ఎండ కాసింది. ప్రభంజన్ రాడ్లు ఎండబెట్టాడు. రెండు స్టాండ్ల మీదా రంగంతా గీకేశాడు. కాలు మళ్లీ అతికి, ఉస్తాద్ ముందు పెట్టి, చెయ్యి నొప్పెట్టేదాకా సుత్తితో కొట్టాడు. తర్వాత కారు కింద రెండు స్టాండ్లూ పెట్టి, గోనెసంచి పరిచి, తనే కిందికి దూరాడు.

"జాకీ తియ్యండి ఉస్తాద్."

బండి బరువు స్టాండ్ల మీద కూర్చున్నప్పుడు ఇనుము కిర్రుమంది. ముఖానికి జానెడు పైన ఆ పెద్ద చీకటి. కళ్లు మూసుకోలేదు. భయం పోలేదు. కాని పారిపోవాలనీ అనిపించలేదు. చాలాసేపు అలాగే పడుకున్నాడు. పైన తలుపు తెరుచుకుంది. మహబూబీ ముందు సీట్లో కూర్చున్నట్టు తెలిసింది.

బయటికి వచ్చేసరికి ఉస్తాద్ గోడ దగ్గర, ఆ తెల్లగుడ్డ ముందు నిలబడి ఉన్నాడు. మిగిలిన ఎర్రరంగు డబ్బా మూత తీసి, కుంచె ముంచి ప్రభంజన్‌కు అందించాడు.

"ఇప్పుడు అడుగు," అన్నాడు. "నేను ముందు నడుస్తా."

సంఘం తేల్చేదాకా ఆగకుండా, వదిలిపెట్టిన చోటులో తన పేరు పెట్టి, దాని కింద ప్రభంజన్ గడువు రాశాడు:

అక్టోబరు 9 లోగా.